పురిటి గదికి వెలుగు తెచ్చిన వైద్యురాలు

దాదాపు 47 ఏళ్ల బంధం.. గుంటూరు గడ్డపైనే తుదిశ్వాస
స్త్రీల వైద్యానికి జీవితాన్ని అంకితం చేసిన అన్నా సారా కుగ్లర్

గుంటూరు: కాన్పు అంటే మరుజన్మ అని పల్లెల్లో నేటికీ పెద్దలు చెబుతుంటారు. నూటపాతికేళ్ల కిందట ఆ మాట అలంకారం కాదు, అక్షర సత్యం. నొప్పులు మొదలైన ఇల్లాలు పురిటి గదిలోకి వెళితే ఆమె తిరిగి వస్తుందో రాదో ఎవరికీ తెలియని రోజులవి. ఊళ్లో వైద్యుడున్నా ఆ గది గడప దాటే అర్హత ఆయనకు లేదు. గడప దాటగల ఆడ వైద్యులు ఈ ప్రాంతంలో లేరు. అటువంటి కాలంలో సప్త సముద్రాలు దాటి వచ్చి, గుంటూరును తన ఊరుగా చేసుకుని, స్త్రీల కోసం, పసిబిడ్డల కోసం ఆస్పత్రి కట్టించిన మహిళ డాక్టర్ అన్నా సారా కుగ్లర్. 27 ఏళ్ల ప్రాయంలో ఈ నేలపై అడుగుపెట్టిన ఆమె 74 ఏళ్ల వయసులో ఇక్కడే కన్నుమూశారు. కుగ్లర్ ఆస్పత్రి పేరు ఎరిగిన వారు జిల్లాలో ఎందరో ఉన్నారు. ఆ పేరు వెనుక ఉన్న మనిషి కథ మాత్రం చాలా మందికి తెలియదు.

చీకటి గదిలో చావు బతుకులు

కుగ్లర్ వచ్చేనాటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు. 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయిన ఈ ప్రాంతం 1904లో గాని మళ్లీ జిల్లాగా ఏర్పడలేదు. మద్రాసు నుంచి బెజవాడకు రైలు మార్గం 1899లో పూర్తయింది. కుగ్లర్ వచ్చిన నాటికి ఇటు రావాలంటే కాలువ పడవలు, ఎద్దుబండ్లే దిక్కు.

ఆ రోజుల్లో కాన్పులన్నీ ఇళ్లలోనే జరిగేవి. ఇంటికి ఓ మూలన ఉన్న చీకటి గదిని పురుటికి కేటాయించేవారు. గాలి తగిలితే బాలింతకు చలువ చేస్తుందని కిటికీలు, తలుపులు బిగించేవారు. లోపల కుంపటి రాజేసేవారు. పురుడు మైల కనుక పాత గుడ్డలు, చిరిగిన చాపలే అక్కడికి చేరేవి. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు సైతం కొలిచి ఇచ్చే ఇళ్లుండేవి. బొడ్డుతాడును కొడవలితోనో, వెదురు బద్దతోనో కోసేవారు. ఆ కోతతో ధనుర్వాతం సోకి పుట్టిన వారం పది రోజుల్లోనే పసికందులు రాలిపోయేవారు.

కాన్పు బాధ్యత అంతా మంత్రసానిదే. సహజ కాన్పులను నేర్పుగా చేయించిన మంత్రసానులు ఊరూరా ఉండేవారు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి సంక్రమించిన అనుభవం వారిది. ధైర్యం చెప్పడంలో, బాలింతను, బిడ్డను కనిపెట్టుకుని ఉండటంలో వారికి వారే సాటి. అయితే బిడ్డ అడ్డం తిరిగినా, తల్లి కటి ఎముక ఇరుకుగా ఉన్నా, మాయ పడకపోయినా, రక్తస్రావం ఆగకపోయినా వారి చేతిలో ఉపాయం ఉండేది కాదు. చేతులు శుభ్రం చేసుకోవాలని వారికి చెప్పిన వారూ లేరు. బాల్య వివాహాల వల్ల శరీరం ఎదగకముందే తల్లులైన బాలికల కష్టం మరీ ఘోరం. రోజుల తరబడి నొప్పులు పడి, బతికి బయటపడినా జీవితాంతం వ్యాధిగ్రస్తులుగా మిగిలిపోయిన వారు ఎందరో.

ఈ నిర్లక్ష్యం మన ప్రాంతానికే పరిమితం కాదన్నది చరిత్ర చెప్పే సత్యం. 1840లలో వియన్నా నగరంలోని పెద్ద ఆస్పత్రిలో, శవ పరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేసేవారు. మంత్రసానులు కాన్పులు చేసే విభాగంలో కన్నా వైద్యులు చేసే విభాగంలోనే తల్లులు ఎక్కువగా మరణించేవారు. ఈ తేడాను పరిశోధించిన సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడిగించి మరణాలను ఒక్కసారిగా తగ్గించారు. అయినా తోటి వైద్యులు చాలాకాలం ఆయన మాట వినలేదు. బాలింత జ్వరానికి కారణమైన సూక్ష్మక్రిమిని 1879లో పారిస్‌లో పాశ్చర్ వెల్లడించిన తర్వాత గాని వైద్య లోకం కళ్లు పూర్తిగా తెరుచుకోలేదు. సరిగ్గా ఆ ఏడాదే అన్నా సారా కుగ్లర్ వైద్య పట్టా అందుకున్నారు.

పట్టా పుచ్చుకుని..

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఆర్డ్‌మోర్‌లో 1856 ఏప్రిల్ 19న అన్నా సారా కుగ్లర్ జన్మించారు. ఫిలడెల్ఫియాలో పాఠశాల విద్య ముగించి, అక్కడి పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరారు. ఆడపిల్లలు వైద్యం చదవడాన్ని అమెరికాలోనూ వింతగా, తప్పుగా చూస్తున్న రోజులవి. మగవారి కళాశాలలు తలుపులు మూసేయడంతో 1850లో స్త్రీల కోసమే వెలిసిన కళాశాల అది.

ఆ కళాశాలకూ మన దేశానికీ విడదీయరాని బంధం ఉంది. అక్కడ చదివిన క్లారా స్వేన్ 1870లో బరేలీ చేరి స్త్రీలకు వైద్యం ప్రారంభించారు. మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషీ 1886లో పట్టా పొందింది కూడా అక్కడే. పద్నాలుగేళ్ల ప్రాయంలో కన్న బిడ్డను పది రోజులకే పోగొట్టుకున్న దుఃఖం ఆనందీబాయిని వైద్య విద్య వైపు నడిపించింది. హిందువుల ప్రసూతి విధానాలపైనే ఆమె తన పరిశోధన వ్యాసం సమర్పించారు. చదువు ముగించి స్వదేశం చేరిన కొద్ది నెలలకే, 1887 ఫిబ్రవరిలో, 22 ఏళ్లు నిండకుండానే క్షయతో కన్నుమూశారు. 1883వ సంవత్సరం విచిత్రమైనది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆనందీబాయి వైద్యం నేర్చుకోవడానికి కలకత్తా నుంచి అమెరికా ఓడ ఎక్కారు. అదే ఏడాది ఆగస్టులో కుగ్లర్ వైద్యం చేయడానికి అమెరికా నుంచి ఇండియా ఓడ ఎక్కారు. ఇద్దరి ప్రయాణానికీ కారణం ఒక్కటే. పురుష వైద్యుడి ఎదుటకు రాలేక ప్రాణాలు వదులుతున్న స్త్రీలు.

పట్టా పుచ్చుకున్న కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో రెండేళ్ల పాటు పనిచేశారు. స్థిరమైన ఉద్యోగం, అయినవారు, సొంత ఊరికి చేరువలో జీవితం. ఇవన్నీ అమరిన సమయంలో గుంటూరు మిషన్ నుంచి అందిన ఓ ఉత్తరం ఆమె దారి మళ్లించింది. ఇక్కడి స్త్రీలకు ఆడ వైద్యురాలి అవసరం ఎంత ఉందో ఆ ఉత్తరం వివరించింది.

డాక్టరు కాదు.. పంతులమ్మ

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ అప్పటికే నాలుగు దశాబ్దాలుగా పనిచేస్తోంది. 1842 జూలై 31న ఇక్కడికి వచ్చిన హైయర్ దొర దానికి ఆద్యుడు. పాఠశాలలు నడపడంలో మిషన్‌కు అనుభవం ఉంది గాని, స్త్రీల వైద్యానికి ప్రత్యేక ఏర్పాటు లేదు. కుగ్లర్ దరఖాస్తును పరిశీలించిన మహిళా మిషనరీ సంఘం ఆమెను పంపడానికి అంగీకరించింది గాని వైద్యురాలిగా కాదు. ఆస్పత్రి భారాన్ని తలకెత్తుకునే స్థోమత అప్పటికి తమకు లేదని భావించి, గోషా పాటించే స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయినిగా నియమించింది.

మరొకరైతే అవమానంగా భావించి ఆగిపోయేవారేమో. కుగ్లర్ ఆ షరతుకు తలూపారు. వైద్య పరికరాలు, మందులు మాత్రం వెంట తెచ్చుకున్నారు. 1883 నవంబరు చివర్లో గుంటూరు చేరుకున్నారు.

వచ్చిన తర్వాత బడి పనులు చూస్తూనే, తెలుగు నేర్చుకుంటూనే రోగులను చూడటం మొదలుపెట్టారు. పాఠం చెప్పడానికి వెళ్లిన ఇంట్లో మూలుగు వినిపిస్తే ఊరుకోలేకపోయేవారు. ఆమె వైద్యురాలన్న సంగతి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పాకింది. తాము నివసించే బంగళా వద్దకే స్త్రీలు రాసాగారు. తొలి ఏడాదిలోనే వందల మందికి ఆమె చికిత్స చేశారు. ఆస్పత్రి లేదు. సహాయకులు లేరు. వైద్యానికంటూ కేటాయించిన నిధులూ లేవు. నియామక పత్రంలో లేని పనినే ఆమె తన అసలు పనిగా చేసుకున్నారు. రెండేళ్లు గడిచాక, 1885 డిసెంబరులో, సంఘం ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా గుర్తించింది. అవసరం ఎంతటిదో కాగితాల మీద కాక చేతలతో నిరూపించినందుకు దక్కిన గుర్తింపు అది.

మైల అడ్డుగోడ

మిషన్ అనుమతి ఒక ఎత్తు, జనం విశ్వాసం మరో ఎత్తు. పరదేశి స్త్రీ తాకితే మైల అన్న భావన ఆనాటి ఉన్నత కులాల కుటుంబాల్లో బలంగా ఉండేది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిలిపించిన వారే, ఆమె వెళ్లిన తర్వాత ఇల్లు కడిగి శుద్ధి చేసుకునేవారు. ఆమె చేతి నీటితో కలిపిన మందు పుచ్చుకోవడానికి సందేహించేవారు. మతం మారుస్తుందేమోనన్న అనుమానం మరికొందరిది. ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. మిషన్ ఆస్పత్రులు వైద్యంతో పాటు మత ప్రచారాన్నీ తమ పనిగా బాహాటంగానే చెప్పుకున్నాయి. కుగ్లర్ కూడా తన విశ్వాసాన్ని దాచుకున్న వ్యక్తి కాదు.

అయితే ఆమె వైద్యానికి కులం, మతం అడ్డు రాలేదన్నది అంతే నిజం. అంటరానివారిగా ఊరి వెలుపల బతుకుతున్న పేదల పాకల్లోకీ ఆమె వెళ్లారు. గోషా పాటించే ముస్లిం కుటుంబాల లోగిళ్లలోకీ, అగ్రహారాల ఇళ్లలోకీ వెళ్లారు. ఒక ఇంట కష్టమైన కాన్పు గట్టెక్కితే ఆ వీధిలోని పది ఇళ్ల తలుపులు తెరుచుకునేవి. వాదించి గెలవలేని చోట కాన్పు చేసి గెలిచారు. చాలాసార్లు కబురు ఆలస్యంగా అందేది. అన్ని ప్రయత్నాలూ విఫలమై, రెండు మూడు రోజులు గడిచాక, చివరి ఆశగా ఆమెకు కబురు పంపేవారు. అప్పటికే చేయి దాటిపోయిన ప్రాణాలను చూసినప్పుడల్లా, తాను ఇంటింటికీ తిరగడం చాలదన్న సత్యం బోధపడింది. రోగులను ఉంచి చూసుకునే ఆస్పత్రి ఉంటే తప్ప తల్లులు దక్కరని నిశ్చయించుకున్నారు.

దేశమంతటా ఆ ఆలోచన వేళ్లూనుతున్న కాలమది. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలకు ప్రవేశం కల్పించింది. అక్కడ చదివిన మేరీ షార్లీబ్ కృషితో 1885లో మద్రాసులో గోషా స్త్రీల ఆస్పత్రి వెలిసింది. అదే ఏడాది స్త్రీలకు వైద్య సాయం అందించే లక్ష్యంతో వైస్రాయ్ సతీమణి పేరిట డఫరిన్ నిధి ఏర్పాటైంది. కానీ ఈ సౌకర్యాలు పెద్ద పట్టణాలకే పరిమితం. గుంటూరు వంటి చోట ఎవరో ఒకరు పూనుకోవలసిందే.

1898 జూన్ 23

ఆస్పత్రి కట్టాలంటే డబ్బు కావాలి. కుగ్లర్ స్వదేశానికి వెళ్లినప్పుడు అక్కడి సంఘాలకు గుంటూరు స్త్రీల దుస్థితిని వివరించి విరాళాలు సేకరించారు. సెలవు అంటే విశ్రాంతి కాదు, జోలె పట్టడమే అయింది. 1890లలో గుంటూరులో విశాలమైన స్థలం సమకూరింది. ముందుగా డిస్పెన్సరీ నిర్మాణం జరిగింది. ఆ తర్వాత ప్రధాన ఆస్పత్రి భవనం లేచింది. 1898 జూన్ 23న 50 పడకలతో స్త్రీల, శిశువుల ఆస్పత్రి ప్రారంభమైంది. గుంటూరు చేరిన నాటి నుంచి లెక్కిస్తే, ఆ కల నెరవేరడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది.

పని పెరిగేకొద్దీ తోడూ దొరికింది. డాక్టర్ మేరీ బేర్, నర్సు క్యాథరిన్ ఫాస్ 1890ల మధ్యకాలంలో వచ్చి చేరారు. కాలక్రమంలో ప్రసూతి విభాగం, పిల్లల వార్డు, శస్త్రచికిత్స గది, నర్సుల వసతి ఒక్కొక్కటిగా తోడయ్యాయి. ఈ ప్రాంతంలోని మిగతా పల్లెలకూ వైద్యం చేరాలన్న తపనతో చీరాల, రెంటచింతలలో మిషన్ ఆస్పత్రుల ఏర్పాటుకూ ఆమె సహకరించారు.

ఆ ఆస్పత్రిలో జరిగిన వైద్యాన్ని నేటి కొలమానాలతో చూస్తే ఎన్నో లోట్లు కనిపిస్తాయి. రక్తం ఎక్కించే సదుపాయం లేదు. సూక్ష్మక్రిములను చంపే సల్ఫా మందులు 1930ల మధ్యలో, పెన్సిలిన్ 1940లలో వచ్చాయి. కుగ్లర్ ఆ రెంటినీ చూడలేదు. కడుపు కోసి బిడ్డను తీసే శస్త్రచికిత్స ఆ కాలంలో తల్లికి ప్రాణాపాయమే. అయినా ఆమె చేతిలో కొన్ని బలమైన ఆయుధాలు ఉన్నాయి. మరిగించిన పరికరాలు, కడిగిన చేతులు, ఉతికిన పక్కలు, గాలీ వెలుతురూ వచ్చే గది. నొప్పి తెలియకుండా క్లోరోఫాం ఇచ్చి, అడ్డం తిరిగిన బిడ్డను సరిచేయడం, పట్టకారు వేసి బయటికి తీయడం, మాయను తొలగించి రక్తస్రావాన్ని ఆపడం. పురిటి గదికి ఏవి నిషిద్ధమని ఊరు భావించిందో ఆ గాలి, నీరు, వెలుతురే ఇక్కడ సగం వైద్యం.

జమీందారు కట్టించిన సత్రం

ఆమె సేవలకు లభించిన గుర్తింపుల్లో ఏలూరు జమీందారు కుటుంబం చూపిన ఆదరణ ప్రత్యేకమైనది. రాజా మంత్రిప్రెగడ భుజంగరావు బహద్దరు జమీందారే కాదు, కవి, సాహిత్యాభిమాని కూడా. ఆయన సతీమణికి కుగ్లర్ వైద్యం చేశారు. ఆ దంపతులకు కుమారుడు కలిగాడు. ఆ కృతజ్ఞతతో జమీందారు ఆస్పత్రి చెంత రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు.

పైకి చూస్తే ఇది ఒక దానం మాత్రమే. ఆనాటి సమాజం తెలిసిన వారికి దాని విలువ అర్థమవుతుంది. ఆస్పత్రిలో చేరాలంటే చాలా కుటుంబాలకు ఉన్న పెద్ద అభ్యంతరం తిండి, మడి. పరాయి చేతి వంట తినలేరు. బంధువులు ఉండటానికి చోటు లేదు. తమ వంట తాము వండుకుని, తమ ఆచారం తాము పాటించుకుంటూ రోగికి దగ్గరలో ఉండే వీలు సత్రం కల్పించింది. ఆస్పత్రి తలుపు తెరిచి ఉన్నా లోపలికి రాలేకపోయిన ఎందరో స్త్రీలకు అది దారి చూపింది. సంప్రదాయ కుటుంబానికి చెందిన జమీందారు స్వయంగా ముందుకు రావడంతో మిగిలిన వారి సంకోచమూ సడలింది.

బ్రిటిష్ ప్రభుత్వం ప్రజాసేవకు ఇచ్చే కైజర్-ఇ-హింద్ పతకంతో ఆమెను గౌరవించింది.

తర్వాతి తరానికి తర్ఫీదు

ఎంతటి వైద్యురాలైనా ఒక్కరు ఎన్ని ఇళ్లకు వెళ్లగలరు? ఈ ప్రశ్నకు కుగ్లర్, ఆమె సహచరులు కనుగొన్న సమాధానం శిక్షణ. స్థానిక యువతులకు నర్సింగ్ నేర్పే పని ఆస్పత్రిలో మొదలైంది. ఈ బాధ్యతలో నర్సు ఫాస్‌ది ప్రధాన పాత్ర. ఒంటి మురికి, రక్తం, పురిటి మైల ముట్టుకునే వృత్తి అని చిన్నచూపు చూసే రోజుల్లో ఆడపిల్లలను ఆ చదువుకు పంపడానికి తల్లిదండ్రులు జంకేవారు. తొలి తరంలో ముందుకు వచ్చిన వారిలో క్రైస్తవ కుటుంబాల బాలికలు, వితంతువులు ఎక్కువ. సమాజం పక్కన పెట్టిన స్త్రీలే సమాజంలోని తల్లులకు పురుడు పోసిన చేతులయ్యారు. తెల్లచీర కట్టుకుని, జీతం సంపాదించి, తన కాళ్లపై తాను నిలబడే స్త్రీని ఈ ప్రాంతం చూసిన తొలి సందర్భాల్లో అదొకటి.

దేశంలో మంత్రసానులకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన కూడా ఈ కాలంలోనే బలపడింది. మద్రాసు ఎగ్మూరులోని ప్రసూతి వైద్యశాల 1844 నుంచే ఈ రంగంలో ముందుంది. మంత్రసానుల శిక్షణ కోసం 1903లో విక్టోరియా స్మారక నిధి ఏర్పాటైంది. అనుభవాన్ని కాదనకుండా, శుభ్రతను దానికి జోడించాలన్నది ఆ ప్రయత్నాల సారం. అన్ని చోట్లా అది ఫలించలేదు. పల్లెల్లోని మంత్రసానులను చిన్నచూపు చూసి దూరం పెట్టిన శిక్షకులూ ఉన్నారు, పట్నం మాట వినని మంత్రసానులూ ఉన్నారు. ఆ రెంటి మధ్య నలిగింది మాత్రం చూలాలే.

దక్షిణాదిలో స్త్రీలకు వైద్య విద్య అందించే ప్రయత్నాలు కూడా ఊపందుకున్నాయి. ఐడా స్కడర్ సారథ్యంలో 1918లో వేలూరులో మహిళా వైద్య పాఠశాల ప్రారంభమైంది. విదేశీ వైద్యురాళ్లపై ఆధారపడే రోజులు పోయి, ఈ నేల బిడ్డలే వైద్యులయ్యే రోజులు మొదలయ్యాయి.

చివరి అధ్యాయం

కుగ్లర్ వివాహం చేసుకోలేదు. ఆస్పత్రే ఆమె ఇల్లు. వయసు మీద పడినా, ఆరోగ్యం సన్నగిల్లినా గుంటూరును వీడిపోవాలని తలచలేదు. తన జీవితకాలపు పనిని గుంటూరు మిషన్ ఆస్పత్రి చరిత్రగా ఆమె రాసిన గ్రంథం 1928లో వెలువడింది.

1930 జూలై 26న గుంటూరులో ఆమె తుదిశ్వాస విడిచారు. ఆమె మరణానంతరం ఆస్పత్రికి కుగ్లర్ పేరు పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 1న బాలికల వివాహ వయసును పద్నాలుగేళ్లకు పెంచిన శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పసితనంలోనే తల్లులై ప్రాణాలు పోగొట్టుకున్న బాలికలను అర్ధశతాబ్దం పాటు చూసిన ఆమె, ఆ చట్టం వచ్చిన ఏడాదే లోకం విడిచారు.

వేసిన విత్తు

కుగ్లర్ తర్వాత గుంటూరు వైద్య రంగంలో ఎన్నో అడుగులు ముందుకు వేసింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల ఏర్పాటైంది. 1906లో గుంటూరులో పుట్టిన కొమర్రాజు అచ్చమాంబ మద్రాసులో వైద్యం చదివి, బెజవాడలో స్త్రీల వైద్యురాలిగా పేరు తెచ్చుకున్నారు. ప్రసూతి, శిశు పోషణపై తెలుగులో పుస్తకం రాసి ఇంటింటికీ ఆ జ్ఞానం చేరేలా చూశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఓడ దిగి వచ్చిన దొరసాని తప్ప దిక్కులేని స్థితి నుంచి, మన ఆడపడుచే మన భాషలో వైద్యం చెప్పే స్థితికి చేరడానికి పట్టింది రెండు తరాలే.

2005లో ఆస్పత్రి కాన్పులను ప్రోత్సహించే జననీ సురక్ష యోజన దేశవ్యాప్తంగా మొదలైంది. అదే ఏడాది ఆగస్టు 15న రాష్ట్రంలో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. 2018-20 నాటి నమూనా నమోదు గణాంకాల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. మరోవైపు అవసరం లేని చోటా కడుపుకోత కాన్పులు పెరిగిపోతున్నాయన్న ఆందోళన తలెత్తింది. సహజ కాన్పులు చేయించే నిపుణులను తయారు చేసేందుకు కేంద్ర ప్రభుత్వం 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు వెలువరించింది. మంత్రసాని ఓర్పు, వైద్యురాలి శాస్త్ర జ్ఞానం ఒక్క మనిషిలో కలవాలన్నదే వాటి సారాంశం. నూరేళ్ల కిందట గుంటూరు ఆస్పత్రిలో నర్సులకు ఇచ్చిన శిక్షణ లక్ష్యమూ దాదాపు అదే.

లక్షకు 45 అన్న సంఖ్య కాగితం మీద చిన్నదే. ఆ నలభై అయిదు ఇళ్లలో మాత్రం పురిటి గది నేటికీ చీకటి గదే. రోడ్డు లేని తండాల నుంచి, మన్యం గూడేల నుంచి డోలీల్లో మోసుకొచ్చిన గర్భిణుల వార్తలు ఏటా వినిపిస్తూనే ఉన్నాయి. కబురు ఆలస్యమై ప్రాణం చేయి దాటిపోవడమే ఆనాడు కుగ్లర్‌ను ఆస్పత్రి కట్టేలా చేసింది. ఆ ఆలస్యం పూర్తిగా తొలగిన నాడే ఆమె మొదలుపెట్టిన పని ముగిసినట్టు. జూలై 26 ఆమె వర్ధంతి.